కుండమార్పిడి కాపురం

గౌరీశ్వరికి మొగుడితో ఒక్కనాడూ పేచీ రాలేదు. ఆ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే కోర్టు కాగితాలు చూసినవాళ్ళు ఇంకేదో అనుకుంటారు. ఐదేళ్ళ కాపురంలో శ్రీరామ్మూర్తి ఆమె మీద చెయ్యెత్తలేదు, గొంతూ ఎత్తలేదు. కూరలో ఉప్పు తక్కువైతే తనే లేచి వేసుకునేవాడు. పోర్టు రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు అతను. డ్యూటీ దిగి, చేతుల మసి కిరసనాయిలుతో వదలగొట్టుకుని, అప్పుడు పిల్లని ఎత్తుకునేవాడు. అంతటి నెమ్మదస్తుడితో ఆమెకి విడాకులయ్యాయి. ఎందుకయ్యాయంటే, ఆమె అన్నయ్యకీ అన్నయ్య పెళ్ళానికీ పడలేదు కాబట్టి.

వినడానికి తిక్కగా ఉంటుంది. తిక్కే మరి.

వాళ్ళది కుండమార్పిడి పెళ్లి. గోపాలపట్నంలో సన్యాసిరాజు గారికి ఒక కొడుకు గురునాథరావు, ఒక కూతురు గౌరీశ్వరి. పోర్టు క్వార్టర్సులో నారాయణమ్మకి ఒక కొడుకు శ్రీరామ్మూర్తి, ఒక కూతురు చిట్టమ్మ. రెండు కుటుంబాలూ సబ్బవరం వైపు పల్లెల్లో మడిచెక్కలు కౌలుకిచ్చేసి పట్నంలో ఉద్యోగాలకి వచ్చినవే. మా పిల్ల మీకు, మీ పిల్ల మాకు అనుకున్నారు. ఒకే పందిరి, ఒకే ముహూర్తం, ఒకే భోజనాలు. కట్నాల బేరం లేదు. పెద్దవాళ్ళకి ఇంతకన్నా సులువుగా తేలిపోయే పెళ్లి ఉండదు. మా పిల్లని మీరు బాగా చూసుకుంటే మీ పిల్లని మేమూ బాగా చూసుకుంటాం అన్నది పందిట్లో పైకి అనుకున్న మాట. లోపల ఇంకో మాట ఉంది, అది ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు. మా పిల్ల తిరిగొస్తే మీ పిల్లా తిరిగొస్తుంది.

చిట్టమ్మకి ముక్కు మీద కోపం. గురునాథరావుకి ఏ మాటా పొడవకుండా అనడం చేతకాదు. స్టీలు ప్లాంటు కడుతున్న చోట ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోరు చూసేవాడు అతను, ఇంట్లో పెళ్ళాన్ని కూడా స్టోరు సామానులాగే లెక్క అడిగేవాడు. పప్పు ఎందుకు మాడింది, సబ్బు ఎందుకు అరిగింది. చిట్టమ్మకి ఒకటే కోరిక, సీతమ్మధారలో ఒక చిన్న పోర్షను తీసుకుని వేరు కాపురం పెట్టాలని. అత్త లేదు, మామగారొక్కడే. ఆయనకి ఎవరు వండుతారని మొగుడు, నేను వంటమనిషినా అని పెళ్ళాం. ఒకరోజు పెద్ద గొడవై చిట్టమ్మ ట్రంకు పెట్టెతో తల్లి గుమ్మంలో దిగింది. ఆ నెలలోనే గురునాథరావు ప్లీడరుని పెట్టుకుని విడాకుల దావా వేశాడు. పంతమంటే పంతం.

ఆ కాగితం అందిన పూటే నారాయణమ్మ కోడల్ని పిలిచింది. నారాయణమ్మ దుర్మార్గురాలు కాదు. దుర్మార్గురాలైతే గౌరికి తిట్టుకోడానికైనా వీలుండేది.

"గౌరీ, నీ బట్టలు సర్దుకోమ్మా."

"ఎక్కడికత్తా?"

"ఎక్కడికేటి, మీ పుట్టింటికే. నీ మీద నాకు కోపం నేదు. నా కూతురు ఏడుత్తూ ఇక్కడ కూకుంటే, నువ్వు పచ్చగా నా వంటింట్లో తిరుగుతుంటే నలుగురూ నవ్వరేటి? మీ అన్న దాన్ని తీసుకెల్లిననాడే నువ్వూ ఒచ్చీ."

"మరి పైడితల్లి?" అంది గౌరి, పిల్లని దగ్గరికి లాక్కుని.

"ఆడగుంటే కదా, మగగుంట కాదు. నీతోటే తీసుకెల్లు."

గౌరి మొగుడి వైపు చూసింది. అతను చెప్పుల ఉంగటం తెగిందేమోనన్నట్టు కింద చూసుకుంటున్నాడు. "నాలుగు రోజులే గౌరీ," అన్నాడు. "అమ్మ మాట ఎలగ కాదంటాను?" సంచీ తనే మోసుకుని బస్సు దాకా వచ్చాడు. కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. బస్సు కదిలాక పిల్ల చెయ్యి ఊపితే తనూ ఊపాడు. ఆ మంచితనానికే గౌరికి ఏడుపు ముంచుకొచ్చింది, కానీ పక్కన ఎవరో కూరల తట్టతో కూర్చుని ఉంటే ఆపుకుంది.

గోపాలపట్నంలో తండ్రీ కొడుకులిద్దరూ అప్పటికే హోటలు ఇడ్లీలతో చిక్కిపోయి ఉన్నారు. ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే సన్యాసిరాజు మొహం విప్పారింది. కూతురొచ్చిందనా, కూడొచ్చిందనా అన్నది ఆమెకి ఆ రోజు తట్టలేదు. చాలా రోజుల తర్వాత, అంట్లు తోముతుంటే తట్టింది. అటు పోర్టు క్వార్టర్సులో కూడా అంతే. కోడలు వెళ్ళిన మర్నాడు చిట్టమ్మ కళ్ళు తుడుచుకుని తల్లి పొయ్యి ముందు కూర్చుంది. రెండిళ్ళకీ ఎవరి కూతురు వాళ్ళకి తిరిగొచ్చింది. రెండు పొయ్యిలూ మండుతున్నాయి. ఇంక తొందర ఎవరికి?

తొందర ఉన్నవాళ్ళిద్దరూ ఆదివారాలు స్టేషన్లో కలుసుకునేవాళ్ళు. గోపాలపట్నంలో సింహాచలం స్టేషను ప్లాట్‌ఫారం చివర, గూడ్సు పెట్టెలు ఆగే వైపు ఒక సిమెంటు బల్ల ఉంది. అక్కడికి ఎవరూ రారు. శ్రీరామ్మూర్తి సైకిలు మీద వచ్చేవాడు, ఉడకబెట్టిన సెనక్కాయలు పొట్లం తెచ్చేవాడు. గౌరి కూరలకని చెప్పి పిల్లని తీసుకుని వచ్చేది. పెళ్లయిన కొత్తలో కూడా వాళ్ళు అలా పక్కపక్కన కూర్చుని ఎరగరు. పెళ్లయి, పిల్ల పుట్టాక, ఎవరికీ తెలియకుండా కలుసుకోవలసిన ఖర్మ పట్టిందని ఇద్దరూ నవ్వుకున్నారు కూడా, మొదట్లో.

"ఎప్పుడు తీసుకెల్తావు బావా?"

"మా చిట్టమ్మ సంగతి తేలనీ."

"తేలకపోతే?"

"తేల్తాది. ఎందుకు తేలదు?"

అతని దగ్గర ఎప్పుడూ ఆ జవాబే ఉండేది. మనిషి సెనక్కాయలు ఒలిచి పిల్ల చేతిలో పోసేవాడు, గౌరి చేతిలోనూ పోసేవాడు. తను తినేవాడు కాదు. ఇంత ప్రేమ ఉన్నవాడు ఇంటికి వెళ్ళి తల్లితో ఒక్క మాట ఎందుకు అనలేడో ఆమెకి అర్థమయ్యేది కాదు. అడిగి చూసింది. అతను నొచ్చుకున్నాడు. ఇంక అడగడం మానేసింది.

ఒక మధ్యాహ్నం కోర్టు బంట్రోతు గోపాలపట్నం ఇంటికి వచ్చాడు. గౌరీశ్వరి పేరున కాగితం. సన్యాసిరాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మేం పుచ్చుకోం."

"పుచ్చుకోండి బాబూ, ఇది అమ్మాయిగారి పేరున ఒచ్చింది."

"నా కూతురు. నా ఇల్లు. పుచ్చుకోమంటే పుచ్చుకోం. ఆళ్ళ కాయితం మనం పుచ్చుకుంటే మనం తగ్గినట్టు."

బంట్రోతు వాదించలేదు. ఇలాంటి గుమ్మాలు రోజూ చూస్తాడు. ఏదో రాసుకుని, ఒక ప్రతి తలుపుకి అంటించి వెళ్ళిపోయాడు. సన్యాసిరాజు దాన్ని చింపి దొడ్లో పారేశాడు. కాగితం చేతికి రానిదే కేసెలా నడుస్తుందని వీధి వీధంతా చెప్పుకుని తిరిగాడు. వీధిలో సగం మంది అదే నమ్ముతారు. పిలుపు కాదంటే పెళ్లికి వెళ్ళక్కర్లేనట్టు, కాగితం కాదంటే కోర్టుకి వెళ్ళక్కర్లేదని.

గౌరికి భయం వేసి ఆదివారం మొగుణ్ణి అడిగింది. అతను సిగ్గుపడుతూ చెప్పాడు. ప్లీడరు ఇచ్చిన సలహా అది. గురునాథరావు విడాకులకి వేశాడు కాబట్టి మనం మీ ఆవిడని కాపురానికి రమ్మని వేద్దాం, దెబ్బకి దిగొస్తారు అన్నాడట. తల్లి సంతకం పెట్టమంది, పెట్టాడు.

"నన్ను కాపురానికి రమ్మని నా మీద కేసా?" గౌరి పకపకా నవ్వేసింది. "రమ్మంటే ఇప్పుడే సైకిలెక్కీనా బావా? దానికి కోర్టెందుకు?"

"ఊరికే బెదిరించడానికటే. నువ్వేటీ అనుకోకు."

అతనూ నవ్వాడు. పిల్ల కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వింది. తర్వాత రోజుల్లో గౌరికి ఆ నవ్వు గుర్తొస్తే తన మీద తనకే ఒళ్ళు మండేది. అప్పుడు నవ్వవలసింది కాదు. అప్పుడే ఆ సైకిలెక్కి కూర్చుని తీసుకెల్తావా లేదా అని ఉండాల్సింది.

ఏడాది తిరిగాక ఇంకో కాగితం వచ్చింది. సన్యాసిరాజు ఇంకా గట్టిగా పుచ్చుకోనన్నాడు. అలవాటైపోయింది ఆయనకి. ఈసారి గౌరి అడిగితే శ్రీరామ్మూర్తి, "అదే కేసులే. ప్లీడరు మళ్ళీ సంతకం ఎట్టమన్నాడు," అని సెనక్కాయలు ఒలవడంలో పడ్డాడు. ఆమె నమ్మింది. నమ్మకుండా ఉండే ఓపిక కూడా లేదప్పటికి. తెల్లారితే అన్నకి క్యారేజీ, తండ్రికి జావ, పిల్లకి స్నానం, నీళ్ళకి కుళాయి దగ్గర వరస. మొగుడున్న ఆడది పుట్టింట్లో ఉంటే పలకరించేవాళ్ళ గొంతే వేరుగా ఉంటుంది. ఎప్పుడెల్తన్నావమ్మా అని అడిగే ప్రతి మనిషికీ నవ్వుతూ జవాబు చెప్పాలి.

గురునాథరావు చిట్టమ్మల తగువు చివరికి ఎలా తీరిందో చెబితే గౌరి మీద జాలిపడాలో, వాళ్ళని చూసి నవ్వాలో తెలియదు. గురునాథరావు సీతమ్మధారలో పోర్షను చూసుకున్నాడు. నాన్నకి వండేదెవరన్న బెంగ ఇప్పుడు లేదుగా, గౌరి ఉంది. ఒకరోజు పూర్ణా మార్కెట్టులో చిట్టమ్మ ఎదురుపడితే పోర్షనులో కుళాయి ఇంట్లోనే ఉందని చెప్పాడట. ఆమె వచ్చి చూసింది. వంటింటి కిటికీ నచ్చింది. ఇంకో వారానికి ఇద్దరూ స్టవ్వు కొనుక్కుని కాపురం పెట్టేశారు. రెండేళ్ళకి పైగా రెండిళ్ళనీ కుదిపేసిన తగువు, కుళాయి తిప్పి కట్టేసినంత సులువుగా ఆగిపోయింది.

ఇక గౌరి రావడమే తరువాయి. నారాయణమ్మ స్వయంగా స్వీటు పొట్లంతో గోపాలపట్నం వచ్చింది. కేసులు రెండూ మాన్పించేస్తే సరిపోతుందని అందరూ కలిసి నారాయణమ్మ ప్లీడరు దగ్గరికి వెళ్ళారు. గౌరి కూడా వెళ్ళింది, మంచి చీర కట్టుకుని. అక్కణ్ణుంచి అటే మొగుడి ఇంటికి వెళ్ళిపోవాలని పిల్ల గౌన్లు కూడా సంచీలో పెట్టుకుంది.

ప్లీడరు గురునాథరావు కేసు సంగతి విని, "అది మాన్పించెయ్యొచ్చు," అన్నాడు. "ఇంకోటేముంది మాన్పించడానికి? అది తీర్పైపోయింది కదా."

"ఏటి తీర్పు?" అన్నాడు సన్యాసిరాజు.

"మొదట కాపురానికి రమ్మని తీర్పొచ్చింది. ఏడాది గడిచినా ఆవిడ రాలేదు. అందుకని విడాకులకి వేశాం. మీరు కాగితం పుచ్చుకోలేదు, వాయిదాకి రాలేదు. పుచ్చుకోకపోయినా అందినట్టే లెక్క. పోయిన చలికాలంలోనే విడాకులిచ్చేశారు."

సన్యాసిరాజు ముందు తేరుకుని, అదెలా చెల్లుతుందని కేకలేశాడు. చెల్లింది అన్నాడు ప్లీడరు. బెదిరించడానికన్నావు కదా అని నారాయణమ్మ అంటే, మీరు ఆపమంటే ఆపేవాణ్ణి, మీరెప్పుడు చెప్పారు అన్నాడు. తర్వాత కొంచెం మెత్తబడి, దీనికి రెండు దారులున్నాయని చెప్పాడు. ఒకటి, మళ్ళీ పెళ్లి చేసుకోవడం. సింహాచలం వెళ్ళి పుస్తె కట్టుకుంటే ఒక పూటలో అయిపోతుంది. రెండోది, తీర్పు తిరగదోడమని గౌరి అర్జీ వేయడం. అందులో చాలా చిక్కుంది, గడువెప్పుడో దాటింది, పైగా శ్రీరామ్మూర్తి బోనెక్కి తను ముందు చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. "పిల్లకి ఐదేళ్ళు నిండాయి. తగువు పెంచుకుంటే ఎవరి దగ్గరుండాలన్నది కూడా లేస్తుంది. గుడికెళ్ళండమ్మా," అన్నాడు.

అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. ఇంతేనా, కట్టేస్తే పోలా అన్నాడు గురునాథరావు. నారాయణమ్మ అప్పుడే మంచిరోజు ఎప్పుడో లెక్కవేస్తోంది. గౌరి ఒక్కతే లేచి బయట వరండాలోకి వచ్చింది. వెనకాలే శ్రీరామ్మూర్తి వచ్చాడు.

"బోనెక్కేవా బావా?" అంది.

అతను వరండా స్తంభం మీది సున్నం గోటితో గీకుతున్నాడు.

"సంతకం ఎట్టీసేనన్నావు. బోనెక్కి సెప్పేనని ఎప్పుడూ అన్నేదు."

"ప్లీడరు సెప్పమన్నట్టే సెప్పేను గౌరీ. తీర్పైపోయిందని నాకూ తెల్దు."

"ఏటని?"

"ఎన్నిమార్లు పిలిసినా రానందని."

"ఎవరు? నానేనా?"

"ఊ."

"దేవుడి మీద పెమాణం సేసి సెప్పేవా?"

"అక్కడ అందరూ అలగే సెప్తారే..."

"అది ఏ వారం?"

అతనికి గుర్తు లేదు. ఆమెకి మాత్రం లెక్క తెలిసింది. పోయిన చలికాలం. ఆ ఆదివారాలు పిల్లకి జలుబుగా ఉంటే తన తువ్వాలు పిల్ల తలకి చుట్టి, గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టించాడు. ముందు రోజో మరునాడో కోర్టులో నిలబడి, నా పెళ్ళాం నాతో ఉండనంటోంది అన్నాడు. ఆమెకి కోపం వస్తుందనుకుంది. రాలేదు. పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరినీ ఏదీ కాదనలేదు. పెళ్లికి కాదనలేదు, వెళ్ళమంటే కాదనలేదు, ఉండమంటే కాదనలేదు. అలాంటిది కోర్టు పుస్తకాల్లో రానందని రాసుంది.

"నాను పుస్తె కట్టించుకోను బావా," అంది చివరికి. "నానేం తప్పు సేసేనని నాకు రెండో పెళ్లి? నువ్వెళ్ళి అదే బోనెక్కి, నాను రానన్లేదని సెప్పు. అప్పుడొస్తాను."

ఆ తర్వాత రోజులు ఆమెని అందరూ తలో వైపు నుంచీ పీక్కుతిన్నారు. ఇంత మొండితనం ఎక్కడ నేర్చావని అన్న. మగాణ్ణి బోనెక్కించి అబద్ధాలకోరు అనిపిస్తే ఉద్యోగంలో పరువేముంటుందని నారాయణమ్మ. చిట్టమ్మ మాత్రం ఏడుస్తూనే వచ్చింది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు వదినలే. "నా మూలానే కదా వదినా ఇదంతా. నాను ఎల్లీసేను కదా, నువ్వూ ఒచ్చీ," అంది. గౌరి ఆమె కళ్ళు తుడిచింది, మనసు మార్చుకోలేదు. తండ్రి అడ్డుపడితే మర్నాడు పొయ్యి వెలిగించలేదు. ఆ మర్నాడూ వెలిగించలేదు. హోటలు ఇడ్లీ చూడగానే సన్యాసిరాజుకి పాత రోజులు గుర్తొచ్చి, ఇంకో ప్లీడరు దగ్గరికి తీసుకెళ్ళి అర్జీ వేయించాడు.

సబ్ కోర్టులో వాయిదాల మీద వాయిదాలు నడిచాయి. వరండాలో కూర్చోడానికి చోటుండదు. పిలుపు కోసం చెవులు రిక్కించుకుని పొద్దుటి నుంచి నిలబడాలి, చివరికి జడ్జిగారు సెలవని తెలిసి వెళ్ళిపోవాలి. కాళ్ళు పీకేవి. ఎన్నోసారి వచ్చినప్పుడో, ఈ పుస్తె కట్టించేసుకుంటే పోయేది అని గౌరికే అనిపించింది. అనిపించినా మళ్ళీ వాయిదాకి వచ్చింది.

ఆఖరికి ఒక రోజు పిలిచారు. శ్రీరామ్మూర్తి వచ్చాడు. రాడనుకున్నారు చాలామంది, వచ్చాడు. బోనెక్కి రెండు చేతులూ కర్ర మీద పెట్టాడు. గోళ్ళ సందుల్లో మసి అలాగే ఉంది.

జడ్జిగారు కాగితాలు తిరగేసి, "ఇంతకు ముందు మీరిక్కడ ప్రమాణం చేసి, భార్య రానందని చెప్పారు. నిజమేనా?" అన్నారు.

"కాదండి."

"అంటే?"

"ఆవిడ రానన్లేదండి. నానే పిలవలేదండి. ఆదోరాలు కలిసేవోళ్ళం. ఎప్పుడు తీసుకెల్తావని ఆవిడే అడిగీది."

ఆ మాటతో అన్నాళ్ళ బరువూ దిగినట్టయింది గౌరికి. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి, తుడుచుకోలేదు. చాలు, ఇంక ఇంటికి వెళ్ళిపోవచ్చు అనుకుంది. మొగుడి మీద ఎంత జాలేసిందంటే, అక్కడే వెళ్ళి అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది.

జడ్జిగారు శ్రీరామ్మూర్తిని చీవాట్లు పెట్టారు. కోర్టంటే ఆటగా ఉందా, జైలుకి పంపించొచ్చు తెలుసా అన్నారు. తర్వాత గౌరి వైపు తిరిగారు.

"ఈ తీర్పు కొట్టేస్తే అతనితో కాపురానికి వెళ్తావామ్మా?"

"ఎల్తాది బాబూ," అన్నాడు సన్యాసిరాజు వెనకనుంచి.

"ఎల్తాదండి," అన్నాడు గురునాథరావు.

"నేను ఆవిణ్ణి అడిగాను," అన్నారు జడ్జిగారు.

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. గౌరి కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"ఎల్తానండి. ఒక్క మాట ఆయన్ని ఇక్కడే సెప్పమనండి. రేపు మా అన్నయ్యా వదినా మళ్ళీ తగువులాడుకున్నారనుకోండి. అప్పుడు నన్ను పంపించనని సెప్పమనండి."

జడ్జిగారికి మొదట అర్థం కాలేదు. గౌరి ప్లీడరు కుండమార్పిడి సంగతి చెప్పాడు. ఆయన తలూపి, "చెప్పవయ్యా," అన్నారు. "చిన్నమాటే కదా అడుగుతోంది."

చిన్నమాటే. శ్రీరామ్మూర్తి నోరు తెరిచాడు. తెరిచి, తలుపు పక్కన నిలబడ్డ తల్లి వైపు చూశాడు.

నారాయణమ్మ కళ్ళెర్రజేయలేదు, తల అడ్డంగా ఊపలేదు. ఆవిడా ఒక కూతురి తల్లే. ఏం చేయాలో ఆవిడకీ తోచక కొడుకునే చూస్తోంది. శ్రీరామ్మూర్తి ఆవిడ మొహంలో జవాబు వెతుక్కుంటున్నాడు. ఎంతసేపని చెప్పలేం, ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి ఉంటుంది. గౌరి అతన్ని చూస్తూ ఉంది. చెప్పుల వైపు చూసిన ఆ రోజు మొహం, సెనక్కాయలు ఒలిచిన ఆదివారాల మొహం, ఇదే. ఇది మారదు. మంచివాడు, చాలా మంచివాడు. తను ముసలిదయ్యేదాకా ఈ మంచివాడి వెనక సంచీ సర్దుకుని సిద్ధంగా ఉండాలి.

"పంపించ..." అంటున్నాడు అతను.

"రానండి," అంది గౌరి.

"ఏమిటమ్మా?"

"నాను ఎల్లనండి. ఇన్నాల్లూ నాను ఆ మాట అన్నేదు. ఇప్పుడంటన్నాను. ఆ తీర్పు అలగే ఉండనివ్వండి బాబూ. ఈ అర్జీ వొద్దు."

సన్యాసిరాజు ఒలే ఒలే అంటూ ముందుకొచ్చాడు, బంట్రోతు ఆపాడు. జడ్జిగారు ఆలోచించుకోమన్నారు, ఇంకో వాయిదా ఇస్తానన్నారు. వద్దండి, తిరగలేనండి అంది. ఆయన ఆమె మొహం కాసేపు చూసి, ఇంక బలవంతం చేయలేదు. శ్రీరామ్మూర్తి బోనులోనే ఉన్నాడు.

"మరి పాప?" అన్నారు జడ్జిగారు. "తండ్రిగా మీరేమంటారు?"

"ఆళ్ళమ్మ కాడే ఉండనివ్వండి," అన్నాడు శ్రీరామ్మూర్తి. ఈ మాటకి అతను ఎవరి వైపూ చూడలేదు. "నాను ఆదోరాలు ఎల్లి సూసుకుంతాను, ఆవిడ రానిత్తే."

"రానిత్తానండి," అంది గౌరి.

వరండాలోకి వచ్చాక సన్యాసిరాజు కూతురి జబ్బ పట్టుకుని ఆపాడు. ఆయనకి కోపం కన్నా అయోమయం ఎక్కువగా ఉంది.

"ఎందుకలగ అనీసేవే? ఆడు ఒప్పుకుంటన్నాడు కదా. నోటంట మాట వొచ్చీసింది కదా."

"ఒచ్చింది నాన్నా. ఆళ్ళమ్మని సూసేకే వొచ్చింది."

పిల్ల అరుగు మీద కూర్చుని నిద్రకి తూగుతోంది. గౌరి ఆ పిల్లని భుజాన వేసుకుని, తండ్రి వస్తున్నాడో లేదో చూడకుండా, గోపాలపట్నం బస్సు ఆగే వైపు నడిచింది.